ఫిగర్ స్కేటింగ్ క్లబ్బులో చేరాక: ఐస్ మీద పిల్లలు, అద్దం ఇవతల పెద్దలు ఎలా మెలగాలి

అమెరికాలో లర్న్ టు స్కేట్ తరగతుల్లో ఆరు బేసిక్ లెవెల్స్ దాటే పిల్లలకు టీచరు చెప్పే తర్వాతి మాట సాధారణంగా "ఇక క్లబ్బులో చేరండి" అనే. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో బే ఏరియాలోనో ఉన్న తెలుగు ఇళ్లకు తికమక ఇక్కడే మొదలవుతుంది. తరగతిలో ఐస్‌ను కోన్లతో ముక్కలు చేసి, ముక్కకో టీచరును నిలబెడతారు. క్లబ్బు ఫ్రీస్టైల్ సెషన్‌లో (ఎవరి సాధన వాళ్లు చేసుకునే సమయంలో) ఆ గీతలుండవు. 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు రింకులో ఇరవై మంది దాకా తలో వేగంతో తలో దిక్కుకు తిరుగుతుంటారు, అదీ సగంసేపు వీపు ముందుకు పెట్టి. పైగా అందరి కాళ్లకూ పదునైన ఉక్కు బ్లేడ్లే.

అయినా గుద్దుకోవడాలు అరుదు. ఎదుటి మనిషి ఎటు వెళ్తుందో అందరికీ ముందే తెలుస్తుంది కాబట్టి. క్లబ్బు నియమాల్లో ఐస్‌కు సంబంధించినవన్నీ ఈ ఒక్క అవసరం కోసం పుట్టినవే. పెద్దవాళ్లకు పెట్టిన నియమాలు వేరే సంగతి. వాటిలో చాలావరకు కోచ్‌ను కోచ్ పని చెయ్యనివ్వమని చెప్పేవే.

చేరే రోజు సంతకం పెట్టేది ఏమిటి

క్లబ్బు సభ్యత్వంతో పాటే 1921లో ఏర్పడిన యూఎస్ ఫిగర్ స్కేటింగ్ అనే జాతీయ సంఘంలో సభ్యత్వం వస్తుంది. సభ్యత్వ సంవత్సరం జూలై 1 నుంచి జూన్ 30 దాకా. ఏప్రిల్‌లో చేరి ఏడాదంతా చెల్లుతుందనుకోకండి, జూన్‌లోనే రెన్యూవల్ వస్తుంది. ఫారంలో ప్రవర్తనా నియమావళి ఉంటుంది, పిల్లల తరఫున మీరూ దానికి కట్టుబడుతున్నట్టు ఒప్పుకుంటారు. కిందికి జరిపి "అంగీకరిస్తున్నాను" నొక్కేసే పత్రం కాదది. రేపు లాబీలో గొడవైతే క్లబ్బు బోర్డు (పాలకవర్గం) ముందు పెట్టుకునేది ఆ కాగితమే. 18 దాటిన సభ్యులు సేఫ్‌స్పోర్ట్ (ఆటల్లో వేధింపులను అరికట్టే) శిక్షణ ఆన్‌లైన్‌లో పూర్తి చేయాలి. క్లబ్బు పనుల్లో పిల్లల మధ్య తిరగబోయే తల్లిదండ్రులకు కూడా చాలాచోట్ల ఇదే షరతు.

ఐస్ మీదికి వెళ్లే ముందు

ఆరింటి సెషన్ అంటే ఆరింటికి పార్కింగ్‌లో ఉండటం కాదు, ఆరింటికి బ్లేడు మంచును తాకాలి. అంటే అరగంట ముందు చేరాలి. పది పదిహేను నిమిషాలు నేల మీద వార్మప్, ఐదారు నిమిషాలు లేసులు, మిగిలింది బాత్రూముకు. ఆలస్యంగా వచ్చి వార్మప్ లేకుండానే జంపులకు దిగే పిల్లలకే కండరాలు పట్టేస్తాయి.

ఒంటి మీద ఊడి పడేది ఏదీ ఉండకూడదు. ఒక్క హెయిర్‌పిన్ చాలు. దాని మీద బ్లేడు పడితే కాలు అక్కడికక్కడే ఆగి, మనిషి ముందుకు పోతుంది. కాబట్టి గాజులు, వేలాడే చెవిరింగులు, రాళ్లు ఊడే క్లిప్పులు ఇంట్లోనే వదిలేయండి. జడ వేస్తే చుట్టి గట్టిగా బిగించాలి. స్పిన్‌లో విడిజడ కొరడాలా మొహానికి కొడుతుంది. డ్రెస్‌కు కుట్టిన పూసలు వదులుగా ఉంటే ముందురోజే దారం వేసి బిగించండి. గ్లోవ్స్ తప్పనిసరి. చలి కోసం మాత్రమే కాదు, పడ్డప్పుడు పక్కవాళ్ల బ్లేడు నుంచి వేళ్లను కాపాడేందుకు. చూయింగ్ గమ్ వద్దు, నీళ్ల సీసా తప్ప తినేదేదీ రింకు చుట్టూ ఉండే బోర్డు (అడ్డుగోడ) మీద పెట్టొద్దు.

నేల మీద నడిచేటప్పుడు బ్లేడ్లకు ప్లాస్టిక్ గార్డులు ఉండాలి. ఇంటికెళ్లేటప్పుడు అవే గార్డులతో బ్యాగులో పెడితే లోపలి తడికి తుప్పు పడుతుంది. బ్లేడును పొడిబట్టతో తుడిచి, మెత్తని గుడ్డ కవరు తొడగండి.

గేటు దగ్గర

1. జాంబోనీ (ఐస్‌ను చదును చేసే బండి) పూర్తిగా బయటికి వెళ్లి, దాని తలుపులు మూసేదాకా ఎవరూ దిగకూడదు. అది పరిచేది వేడినీళ్లు. గడ్డకట్టడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. తొందరపడి దిగితే పడే చాళ్లు సెషనంతా అలాగే ఉంటాయి.
2. గార్డులు తీసి బోర్డు మీద పెట్టండి. గార్డులతోనే ఐస్ మీద కాలు పెట్టేవాళ్లు ప్రతి సీజన్‌లోనూ కనిపిస్తారు, వెంటనే వెల్లకిలా పడతారు కూడా.
3. రెండు వైపులా చూడండి, వీపు తిప్పుకుని వస్తున్నవాళ్లను ముఖ్యంగా. దారి ఖాళీ అయ్యాకే దిగండి.
4. వెనకాల గేటు మూసి గడియ వేయండి. తెరిచిన గేటు అంచుకు వేగంగా వచ్చే మనిషి తగిలితే ఎముక విరుగుతుంది.
5. మొదటి రెండు మూడు చుట్లు బోర్డు వెంట తిరుగుతూ, ఎవరు ప్రోగ్రామ్‌లో (మ్యూజిక్‌కు కూర్చిన స్కేటింగ్‌లో) ఉన్నారో, ఎవరు లెసన్‌లో ఉన్నారో చూసుకోండి.

దారి ఎవరిది

మొదటి హక్కు మ్యూజిక్ మోగుతున్నవాళ్లది. గుర్తుపట్టేందుకు వాళ్లు నడుముకు రంగు బెల్టో, పైన వెస్టో వేసుకుంటారు. తర్వాతి హక్కు కోచ్‌తో లెసన్‌లో ఉన్నవాళ్లది. మిగిలిన అందరూ సమానం. జంపుల్లో ఎంత ముందున్నా, వయసులో ఎంత పెద్దయినా అదనపు హక్కేమీ రాదు.

మీ పిల్లలతో ఇంట్లోనే ఒక కాగితం మీద రింకు గీయించండి. నాలుగు మూలల్లో లట్జ్ అనే జంపు వేసే మూలలను గుర్తుపెట్టించండి. ఎక్కువమంది అపసవ్యంగా తిరుగుతూ ఎగురుతారు. లట్జ్ వేసే మనిషి వెనక్కి తిరిగి, ఎడమకాలి బయటి అంచు మీద పొడవాటి వంపులో మూలకు వస్తుంది. ఆ వంపులో ఆమెకు వెనకాల దాదాపు ఏమీ కనిపించదు. అక్కడ నిలబడి నీళ్లు తాగుతూ కబుర్లు చెప్పుకునే ఇద్దరు పిల్లల వల్లే మన రింకుల్లో చాలా దెబ్బలు తగులుతాయి. సవ్యంగా తిరిగే పిల్లలు తక్కువమందే ఉంటారు, వాళ్ల మూలలు ఎదురువైపు పడతాయి. వాళ్లెవరో మొదటి వారంలోనే తెలుసుకోవాలి.

స్పిన్లకు రింకు మధ్యభాగం. కేమెల్ స్పిన్‌లో వెనక్కి చాచిన కాలి బ్లేడు సరిగ్గా ఎనిమిదేళ్ల పిల్ల మొహం ఎత్తుకు వస్తుంది. కాబట్టి స్పిన్ చేస్తున్న మనిషికి కనీసం రెండు చేతుల బారంత దూరం. స్పిన్ చేయబోయేవాళ్లు కూడా చుట్టూ ఒకసారి చూసుకుని మొదలుపెట్టాలి, మొదలయ్యాక వాళ్లకు లోకం కనిపించదు.

ప్రోగ్రామ్ వేస్తున్న మనిషి మీ వైపే వస్తుంటే ఏం చేయాలి? దూరం ఉంటే బోర్డు వైపు తప్పుకోండి. దూరం లేకపోతే ఉన్నచోటే ఆగండి. ఆఖరి క్షణంలో అటా ఇటా అని ఎగరడమే ప్రమాదం, ఆమె ఎటు తప్పించుకోబోతే మీరూ అటే దూకుతారు.

"ఎక్స్‌క్యూజ్ మీ" అని అరుస్తూ జంపుకు వెళ్లడం మర్యాద అనుకునే పిల్లలున్నారు. అది హారన్ కొట్టడం లాంటిదే. హారన్ కొట్టాం కదా, ఇక బ్రేకు అక్కర్లేదు అనే మన ట్రాఫిక్ ధోరణి ఇక్కడ పనికిరాదు. దారి లేకపోతే జంపు మానేసి మళ్లీ చుట్టు తిరిగి రావాలి. ఒక జంపు పోతే పోయేది పదిహేను సెకన్లు. ముందున్న చిన్నపిల్లను కసురుకుని భయపెట్టే పెద్ద స్కేటర్లను క్లబ్బులు చూసీచూడనట్టు వదిలేస్తుంటాయి. అది తప్పు, నియమావళి కింద అదీ ఫిర్యాదు చేయదగ్గ విషయమే.

చెవుల్లో ఇయర్‌బడ్స్ విషయంలో క్లబ్బును బట్టి నియమం మారుతుంది. అనుమతి ఉన్నా రెండు చెవులూ మూయొద్దు.

పడ్డప్పుడు, కోపం వచ్చినప్పుడు

పడగానే చేతులు పిడికిలి బిగించి దగ్గరకు తీసుకోవాలి, వెంటనే లేవాలి. కూర్చుని ఏడిస్తే మీ పిల్ల ఒక అడ్డంకి అవుతుంది, వెనక్కి వచ్చేవాళ్లకు నేల మీదున్నది కనిపించదు. లేవలేకపోతే చెయ్యి పైకెత్తాలి. కోచ్ వచ్చేదాకా పక్కనున్నవాళ్లు పడ్డ పిల్లకు అడ్డంగా నిలబడి మిగతావాళ్లను దారి మళ్లించాలి. లేపడానికి మాత్రం ప్రయత్నించొద్దు.

తలకు దెబ్బ తగిలితే ఆ రోజుకు స్కేటింగ్ అయిపోయినట్టే. "బాగానే ఉన్నాను" అన్న పిల్లల మాట ఈ ఒక్క విషయంలో వినకండి. డాక్టరు రాసి ఇచ్చేదాకా తిరిగి ఐస్ మీదికి పంపొద్దు. చాలా రాష్ట్రాల చట్టాలు కూడా ఇదే అడుగుతాయి.

జంపు కుదరక టో పిక్‌తో (బ్లేడు ముందుకొస మీది పళ్లతో) ఐస్‌ను తన్నే అలవాటును మొదటిసారే ఆపాలి. చూడ్డానికి బాగుండదనే కాదు, ఆ గుంటలో ఇంకొకరి బ్లేడు ఇరుక్కుంటుంది. లట్జ్, ఫ్లిప్, టో లూప్ అనే జంపులు వేస్తే ఎలాగూ గుంటలు పడతాయి. జాంబోనీ గీసేది పైపొరే, లోతు గుంటను అది పూడ్చలేదు. అందుకే సెషన్ చివరి నాలుగైదు నిమిషాలు గుంటలు పూడ్చే పని పెడతారు. బ్లేడుతో గీకిన మంచుపొడినో, బకెట్లో తడిపిన మంచునో గుంటలో కూరి, అరచేత్తో నొక్కి చదును చేయాలి. ఈ పని ఎగ్గొట్టి ముందుగా లాబీలోకి జారుకునే పిల్లలను కోచ్‌లు గుర్తుంచుకుంటారు.

అద్దం ఇవతల

ఇక పెద్దల సంగతి. బోర్డు దగ్గర నిలబడి పిల్లకు సూచనలివ్వడం దాదాపు అన్ని క్లబ్బుల్లోనూ నిషేధం. మనవాళ్లకు ఇందులో ఒక భ్రమ ఉంటుంది: తెలుగులో చెబితే ఎవరికీ అర్థం కాదు కదా అని. "మోకాలు వంచు! చెయ్యి చూడు! ఎన్నిసార్లు చెప్పాలి?" అనే మాటకు అనువాదం అక్కర్లేదు, గొంతే చెబుతుంది. పైగా కోచ్ ఆ వారం భుజం మీద పనిచేస్తూ మోకాలిని కావాలనే వదిలేసి ఉండొచ్చు. పిల్ల మీ వైపు, కోచ్ వైపు చూస్తూ జంపు మధ్యలో ఆలోచనలో పడుతుంది, పడిపోతుంది. ఫ్రీస్టైల్ సెషన్‌లో నేర్పించే హక్కు నేపథ్య పరిశీలన, బీమా, సేఫ్‌స్పోర్ట్ శిక్షణ ఉన్న కోచ్‌లకే ఉంటుంది. యూట్యూబ్ చూసి ఎంత నేర్చుకున్నా తండ్రికి ఆ హక్కు రాదు.

ఇండియా నుంచి ఆరు నెలలకు వచ్చిన అమ్మమ్మ, తాతయ్యలు రింకుకు తీసుకొస్తుంటే వాళ్లకు మూడు సంగతులు ముందే చెప్పి పంపండి. పిల్ల పడితే చెప్పులతో ఐస్ మీదికి పరిగెత్తొద్దు, వాళ్లకే తుంటి విరుగుతుంది. పాలగ్లాసు పట్టుకుని గేటు తెరవొద్దు. పక్కపిల్లలను ముద్దుగా కూడా ముట్టుకోవద్దు, ఫోటోలు తీయొద్దు.

వీడియో తీయాలంటే మీ పిల్లది మాత్రమే, అదీ కోచ్‌ను అడిగాక. ఇతరుల పిల్లలు పడిన వీడియో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం మీకు సరదా కావచ్చు, ఆ తల్లికి కాదు.

పోలికలు ఇంటికొచ్చాక కూడా వద్దు. "నీతో చేరిన అమ్మాయి ఆక్సిల్ వేసేసింది" అనే మాటతో ఆక్సిల్ రాదు. ఆరు ప్రధాన జంపుల్లో ముందుకు చూస్తూ ఎగిరేది అదొక్కటే, గాల్లో ఒకటిన్నర చుట్లు తిరగాలి. అది ఒక పిల్లకు మూడు నెలల్లో వస్తే, ఇంకొకరికి రెండేళ్లు పడుతుంది, అందులో వింతేమీ లేదు. బరువు గురించి అయితే మీరే కాదు, కోచ్ కూడా లాబీలో వ్యాఖ్యానించకూడదు. "కాస్త ఒళ్లు చేసిందే" అని మన ఫంక్షన్లలో అనే మాట ఈ ఆటలో తిండి మానేసే జబ్బుకు దారితీయొచ్చు.

కోచ్‌తో లెక్కలు, మాటలు

ప్రైవేటు లెసన్ ధర సాధారణంగా 15, 20 లేదా 30 నిమిషాల లెక్కన ఉంటుంది, ఐస్ ఫీజు వేరే. బేరం ఆడొద్దు. రద్దు చేయాలంటే చాలామంది 24 గంటల ముందు చెప్పమంటారు, లేకపోతే పూర్తి డబ్బు కట్టాలి. ఎందుకంటే ఆ పావుగంటకు ఆమె ఇంకొకరిని పెట్టుకోలేదు. మొదటి నెలలోనే ధర, రద్దు నియమం, ప్రయాణ ఖర్చులు, పోటీ రోజు ఫీజు రాతలో తీసుకోండి.

మాట్లాడాల్సి వస్తే ఐస్ మీద ఉన్నప్పుడు పిలవొద్దు, ఆ సమయం ఇంకొకరు కొనుక్కున్నది. మెసేజ్ పెట్టి సమయం అడగండి. పిల్లల ఫోనుకు కోచ్ నేరుగా ఒంటరిగా మెసేజ్‌లు పంపకూడదు, తల్లిదండ్రులనో ఇంకో పెద్దనో కలపాలి. మీ రాతపూర్వక అనుమతి లేకుండా కోచ్ పిల్లను ఒంటరిగా కారులో తీసుకెళ్లకూడదు. పెద్దవాళ్లతో పిల్లలు మాట్లాడే చోటు నలుగురికీ కనిపించేదిగా, ఎవరైనా లోపలికి రాగలిగేదిగా ఉండాలి. ఇవి కోచ్‌ను అనుమానించడం కాదు, కోచ్‌లే వీటిని గట్టిగా కోరుకుంటారు. లాకర్ రూములో ఫోను బయటికి తీయకూడదు, మీ పిల్ల ఫోటో అయినా సరే.

టెస్టులు, పోటీలు

టెస్టులో (జడ్జీల ముందు స్థాయి దాటే పరీక్షలో) ఫలితం "పాస్", లేకపోతే "రీట్రై" (మళ్లీ ప్రయత్నించాలి). రెండోది వస్తే జడ్జి దగ్గరకు వెళ్లి కారణం అడగొద్దు. కాగితం మీద రాసినదాన్ని కోచ్ చదివి చెబుతారు. పోటీల్లో కూడా అంతే. పాయింట్ల పద్ధతిలో జడ్జింగ్ జరిగితే ఈవెంట్ తర్వాత ఒక్కో ఎలిమెంటుకు (జంపు, స్పిన్ లాంటివాటికి) వచ్చిన మార్కుల పట్టిక విడుదలవుతుంది. అందులో జంపు పేరు పక్కన ఒక బాణపు గుర్తు ఉంటే తిరగడం పావు చుట్టుకు మించి తగ్గిందని, రెండుంటే సగమో అంతకన్నా ఎక్కువో తగ్గిందని, "ఈ" అక్షరం ఉంటే తప్పు అంచు మీద ఎగిరిందని అర్థం. లాబీలో జడ్జిని తిట్టేముందు ఈ పట్టిక చదివితే పదిలో తొమ్మిదిసార్లు కోపం చల్లారుతుంది.

క్లబ్బులు ఎక్కువగా లాభాపేక్ష లేనివి, పని చేసేది తల్లిదండ్రులే. ఏడాదికి ఇన్ని గంటలు వాలంటీర్ చేయాలనో, లేకపోతే డిపాజిట్ పోతుందనో షరతు ఉంటుంది. మ్యూజిక్ పెట్టడం, చెక్-ఇన్ టేబుల్, జడ్జీల గదికి భోజనం, కాగితాలు అటూ ఇటూ చేరవేయడం, ఐస్ మానిటర్ (సెషన్‌లో నియమాలు పాటించేలా చూసే మనిషి). కొత్తవాళ్లు మ్యూజిక్ డ్యూటీ అడగండి. ఎవరి తర్వాత ఎవరో, సెషన్ ఎలా నడుస్తుందో రెండు వారాల్లో తెలిసిపోతుంది. ఐస్ మానిటర్‌గా ఉన్నప్పుడు మాత్రం మీ పిల్ల తప్పు చేసినా అదే హెచ్చరిక ఇవ్వాలి. అక్కడ వెనకాడితే ఇంకెవరూ మీ మాట వినరు.

ఫిర్యాదు ఎటు వెళ్లాలి

మ్యూజిక్ వరస తప్పడం, ఎవరో దారికి అడ్డం రావడం లాంటివి ఆ రోజు మానిటర్‌కు చెప్పండి. మాటామాటా పెరిగితే ఒక రాత్రి నిద్రపోయి, మర్నాడు క్లబ్బు బోర్డుకు ఈమెయిల్ రాయండి: తేదీ, సెషన్, ఏం జరిగింది, ఎవరు చూశారు. పేరాగ్రాఫ్‌కు మించొద్దు. తల్లుల వాట్సాప్ గ్రూపులో మొదలుపెడితే చిలికి చిలికి గాలివాన అవుతుంది, బోర్డు చేతికొచ్చేసరికి ఎవరు ఏమన్నారో తేలదు.

పిల్లల మీద లైంగిక వేధింపు అనుమానం ఉంటే ఈ మెట్లేవీ వర్తించవు. క్లబ్బును అడగొద్దు, కోచ్‌ను నిలదీయొద్దు. ముందు పోలీసులకో పిల్లల రక్షణ శాఖకో, తర్వాత యూఎస్ సెంటర్ ఫర్ సేఫ్‌స్పోర్ట్‌కు నేరుగా చెప్పండి. 2017లో మొదలైన ఈ సంస్థకే ఇలాంటి కేసుల మీద ప్రత్యేక అధికారం ఉంది, ఫిర్యాదు చేసినందుకు మీ పిల్లను పక్కన పెట్టడం కూడా నియమ ఉల్లంఘనగానే చూస్తారు.

కోచ్‌ను మార్చాలనుకుంటే వరస ఇది: ముందు ఇప్పటి కోచ్‌కు ముఖాముఖి చెప్పండి, బాకీ అంతా కట్టండి, ఆ తర్వాతే కొత్త కోచ్‌తో ట్రయల్ లెసన్ పెట్టుకోండి. ఇంకొకరి విద్యార్థులను లాక్కోవడం ఒకప్పుడు కోచ్‌ల వృత్తి నియమాలకు విరుద్ధం, ఇప్పుడు ఆ నిషేధం లేకపోయినా మర్యాద మాత్రం మిగిలింది. అందుకే పద్ధతి తెలిసిన కోచ్ ఎవరైనా మీకు సమయం ఇచ్చే ముందు అడిగే మొదటి ప్రశ్న, పాత కోచ్‌కు చెప్పారా, లెక్క తేలిందా అని.